మైనస్ గుర్తు బరువు

మా బావ ఫోన్ చేసేది రెండే సందర్భాల్లో. ఇంట్లో శుభకార్యమైనా ఉండాలి, మోటారైనా కాలిపోవాలి. పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే చేసి ఈ రెండూ కాని సంగతి చెప్పాడు.

"బామ్మర్దీ, బిల్లు లేదు, డీజిల్ లేదు, ఎండ కూడా అక్కర్లేదు. ఒకసారి ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేసి పీకేయడమే. ఇక దానంతటది తిరుగుతూనే ఉంటది. గేదెల కొట్టానికీ, ఇంటికీ సరిపోద్ది. నువ్వు ఫిజిక్సు చెప్తావు కదా, వచ్చి ఒక మాట చెప్పు."

"ఎంతంట?"

"లక్షా అరవై వేలు. నలభై అడ్వాన్సు ఇచ్చేశా."

నన్ను మాట చెప్పమని పిలిచింది అడ్వాన్సు ఇచ్చాక.

నరసరావుపేట బయట ఒక రేకుల షెడ్డు. చానెల్ ఇనుముతో బల్లలా చేసిన ఫ్రేము మీద ఒక చివర 2 హెచ్‌పీ మోటారు, రెండో చివర 3 కేవీఏ ఆల్టర్నేటరు, మధ్యలో ఫ్లైవీలు అనే బరువైన చక్రం, మూడింటికీ బెల్టులు. ఫ్రేముకి కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు వాసన ఇంకా పోలేదు. ఆల్టర్నేటరు నుంచి ఒక వైరు బల్బుల బోర్డుకి, ఇంకొకటి తిరిగి మోటారుకే. మోటారు ఆల్టర్నేటర్ని తిప్పుతుంది, ఆల్టర్నేటరు మోటారుకి కరెంటిస్తుంది, మిగిలింది మనం వాడుకుంటాం. వినడానికి ఎంత బాగుందో! అమ్మే ఆయన మర్యాదస్తుడు, ముందు టీ తెప్పించాడు.

ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. ఫ్లైవీలు బద్ధకంగా కదిలి, కాసేపటికి ఊపందుకుంది. గోడ కరెంటు నుంచి ఆల్టర్నేటరు కరెంటుకి మార్చే చేంజోవర్ స్విచ్చి తిప్పి, ప్లగ్గు పీకి, దాన్ని మా ముఖాల ముందు ఆడించాడు. బోర్డు మీద రెండు బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. బావ నా వైపు చూశాడు, పెళ్లిచూపుల్లో 'పిల్ల ఎలా ఉంది' అని అడిగినట్టు. 20 సెకన్లు అయ్యాయో లేదో ఆయన ప్లగ్గు మళ్లీ పెట్టేశాడు.

"పెట్టకండి, తిరగనివ్వండి," అన్నాను.

"చూశారు కదండీ."

"ఇంకాసేపు చూద్దాం."

రెండోసారి పీకినప్పుడు ఫోన్లో టైము పెట్టుకున్నాను. 35 సెకన్ల దగ్గర బెల్టుల చప్పుడు గొంతు మారింది, సన్నగా ఉన్నది లావుగా అయింది. ఎల్‌ఈడీ బల్బులు కదా, వోల్టేజీ పడిపోతున్నా వాటి వెలుగు తగ్గదు. ఆ బోర్డు మీద పాతకాలం ఫిలమెంటు బల్బులుంటే అవి ఎప్పుడో ఎర్రబడి చాడీలు చెప్పేవి. 50 సెకన్లకు ఈ రెండూ మిణుకుమిణుకుమన్నాయి. ఆయన చెయ్యి ప్లగ్గు మీదకి వెళ్లింది.

మూడోసారి నా పట్టుదల మీద మూలనున్న 1 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపుని తగిలించాం. పంపు స్విచ్చి వేయగానే ఫ్లైవీలు నెత్తిన బస్తా పడ్డ మనిషిలా కుంగింది. పైపులోంచి దోసెడు నీళ్లు వచ్చాయి. అయిదారు సెకన్లలో అంతా నిశ్శబ్దం.

"ఓవర్‌లోడండీ. బెల్టు జారింది," అన్నాడాయన.

బెల్టు జారితే రబ్బరు కమురు వాసన వస్తుంది. రాలేదు. అక్కడున్నది రంగు వాసన ఒక్కటే.

ఇంటికొచ్చే దారిలో బస్సు టికెట్ వెనక లెక్క కట్టాను. 60 కిలోల చక్రం, పావు మీటరు వ్యాసార్థం, నిమిషానికి 1500 చుట్లు అనుకుంటే దానిలో దాగిన శక్తి సుమారు 23 వేల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఆ ఫ్లైవీలు మొత్తం కక్కేసినా యూనిట్లో నూట యాభయ్యో వంతు. అదీ అంతకుముందు గోడ ప్లగ్గులోంచి తాగిందే. ఆయన మాకు చూపించింది జనరేటర్ కాదు, ఆగడానికి కాస్త టైము తీసుకునే చక్రం.

ఇంతవరకూ అయితే ఇది రాయాల్సినంత విషయం కాదు. మోసాలు రోజూ జరుగుతున్నాయి. నన్ను కుదిపింది ఆ తర్వాత బస్సులో జరిగిన మాట. మా బావ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడు, ఫస్ట్ క్లాసు. "లెంజ్ నియమం గుర్తుందా బావా?" అని అడిగాను, ఎగతాళిగానే. ఆయన కిటికీలోంచి చూస్తూ, ఎక్కడా తడుముకోకుండా అప్పజెప్పాడు: "ప్రేరిత విద్యుత్ ప్రవాహ దిశ, తన ఉత్పత్తికి కారణమైన మార్పును వ్యతిరేకించే విధంగా ఉంటుంది." పాతికేళ్ల తర్వాత ఒక్క అక్షరం పోలేదు. ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకునే నలభై వేలు అడ్వాన్సు ఇచ్చాడు.

తప్పు మా బావది కాదనిపించింది. అది నా బోటివాళ్లది. నేను 19 ఏళ్లుగా ఇంటర్ సెకండియర్ పిల్లలకు ఈ పాఠం చెబుతున్నాను. బోర్డు మీద "ఈఎంఎఫ్ ఈజ్ ఈక్వల్టు మైనస్ డీ ఫై బై డీటీ" అని రాసి (అయస్కాంత క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత వోల్టేజీ పుడుతుంది, మైనస్ అంటే ఆ మార్పుకి ఎదురుగా అని అర్థం), ఆ మైనస్ చుట్టూ సున్నా చుట్టి, "ఇది మర్చిపోతే అర మార్కు పోతుంది" అని చెప్పిన వాణ్ణి. నా దగ్గర చదివిన పిల్లలకు ఆ గుర్తు విలువ అర మార్కు. నిజానికి ఆ సూత్రంలో విషయమంతా ఆ చిన్న గీతలోనే ఉంది. మిగతాది ఎంత వస్తుందో చెప్పే లెక్క. గీత ఎవరు చెల్లిస్తారో చెబుతుంది.

ఈ గీతకి సొంత చరిత్ర ఉంది. మైకేల్ ఫారడే 1831 ఆగస్టు 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్లో ఒక ఇనప కడియానికి రెండు వైపులా విడివిడిగా రాగి తీగ చుట్టాడు. కడియం వ్యాసం ఆరంగుళాలు. అప్పటికి ఎనామిల్ తీగలు ఎక్కడివి? చుట్టుకీ చుట్టుకీ మధ్య పురికోసా, పొరకీ పొరకీ మధ్య గుడ్డా పెట్టి చుట్టాడు. మోటారు చుట్టినవాళ్లకి తెలుస్తుంది అదెంత పనో. ఒక వైపు తీగని బ్యాటరీకి కలపగానే రెండో వైపు తీగ పక్కనున్న సూది కదిలి, ఊగి, మళ్లీ మొదటి చోటికే వచ్చి నిలబడింది. బ్యాటరీ తీసినప్పుడు ఇంకోసారి. మధ్యలో కరెంటు ఎంత సేపు పారినా సూదిలో చలనం లేదు.

ఆ 'మధ్యలో ఏమీ లేదు' అన్నదే అసలు ఆవిష్కారం. 1820లో ఓర్‌స్టెడ్ కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు తిరగడం చూపించినప్పటి నుంచీ యూరప్‌లో అందరూ దాని తిరగేసిన ప్రశ్నే వేస్తున్నారు: కరెంటుతో అయస్కాంతం వస్తే, అయస్కాంతంతో కరెంటు రాదా? అందరూ వెతికింది నిలకడగా వచ్చే కరెంటు కోసం. జెనీవాలో కొలడోన్ అనే ఆయన 1825లో దాదాపు పట్టేశాడు. పెద్ద అయస్కాంతం, కరెంటు పారితే ముల్లు కదిలే తన గాల్వనామీటరుని తికమక పెడుతుందేమోనని ఆ మీటర్ని పక్క గదిలో పెట్టాడు. తీగచుట్టలోకి అయస్కాంతం దూర్చేవాడు, లేచి పక్క గదిలోకి వెళ్లి చూసేవాడు. వెళ్లేలోపు ముల్లు కదలడం, సున్నాకి రావడం రెండూ అయిపోయేవి. ఒక మనిషిని తోడు పెట్టుకునుంటే మన పాఠ్యపుస్తకాల్లో ఫారడే పేరు బదులు కొలడోన్ పేరు ఉండేది. ఈ కథ నేను క్లాసులో తప్పకుండా చెబుతాను. పిల్లలు నవ్వుతారు, కానీ 'మార్పు ఉన్నంతసేపే' అన్నది వాళ్లకి దాంతోనే ఎక్కుతుంది.

ఫారడేకి గణితం రాదు. కమ్మరి కొడుకు, బైండింగ్ షాపులో పని నేర్చుకున్నవాడు. ఆయన రాతల్లో సమీకరణమే లేదు, ఇక మైనస్ గుర్తు ఎక్కడ? దిశ సంగతి ఒక్క మాటలో తేల్చింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన లెంజ్, 1833లో. ఆయన చెప్పిన తీరు మన పుస్తకాల్లో ఉన్నంత పొడిగా లేదు. తీగలో కరెంటు పంపితే అయస్కాంతం పక్కన అది ఒక వైపు కదులుతుంది కదా. అదే తీగని మన చేత్తో ఆ వైపుకే కదిపితే, దానిలో పుట్టే కరెంటు ముందు పంపినదానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. అంటే ప్రతి మోటారు లోపలా ఒక జనరేటర్ ఉంది, ప్రతి జనరేటర్ లోపలా ఒక మోటారు ఉంది, అవి రెండూ ఎప్పుడూ ఎదురెదురుగానే ఉంటాయి. శక్తి నిత్యత్వం గురించి మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ రాసింది 1840లలో. ఊరికే ఏదీ రాదన్న నియమానికి ఇంకా పేరు పెట్టకముందే లెంజ్ దాన్ని తీగచుట్ట దగ్గర పట్టుకున్నాడు. అంతకంటే ముందే, 1775లో, ప్యారిస్ అకాడమీ వాళ్లు ఆగకుండా తిరిగే యంత్రాల దరఖాస్తులు ఇక చూడబోమని తీర్మానించేశారు. విసిగిపోయి ఉంటారు. వాళ్లకి ఇప్పటి యూట్యూబ్ చూపిస్తే ఏమయ్యేవారో!

నాకు మాత్రం ఈ మైనస్ మొదట కాళ్లకి తెలిసింది. మా నాన్న సైకిల్‌కి డైనమో ఉండేది, వెనక చక్రానికి ఆనుకుని తిరిగే సీసా ఆకారంలోది. చీకటి పడ్డాక దాని మీద ఊరికి వెళ్లడమంటే నాకు సంబరం. మీట నొక్కి డైనమోని టైరుకి ఆనించగానే 'జుయ్య్' మనేది, ముందు లైటు వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. టైరుకి రాసుకుంటోంది కాబట్టి బరువు అనుకునేవాణ్ణి. ఒకరోజు దారిలో బల్బు మాడిపోయింది. డైనమో అలాగే ఆనుకునే ఉంది, అలాగే తిరుగుతోంది, చప్పుడూ ఉంది. కానీ తొక్కుడు ఒక్కసారిగా తేలికైంది. గుంటలు కనపడక సైకిల్ ఆపేశాను గానీ, ఆ తేలికదనం నా పిక్కలకి ఇప్పటికీ గుర్తే. ఆ బల్బు మహా అయితే 3 వాట్లు. బల్బు ఉన్నంతసేపూ తీగచుట్టలో కరెంటు పారుతుంది, ఆ కరెంటు తన సొంత అయస్కాంతంతో తిరిగే అయస్కాంతాన్ని వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుని మోసేది నా కాళ్లు. బల్బు పోతే దారి తెగింది. వోల్టేజీ ఉంది, కరెంటు లేదు, లాగుడూ లేదు.

షెడ్డులో పంపు స్విచ్చి వేసిన క్షణంలో ఫ్లైవీలు కుంగిందని చెప్పానే, అది ఇదే. ఆల్టర్నేటరు ఊరికే తిరిగినంతసేపూ ఎంతైనా మురిపిస్తుంది. దాన్ని ఏదైనా అడిగి చూడండి.

మా మామయ్యకి నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపు ఉండేది. సెలవుల్లో నా మకాం అక్కడే. కాలిన స్టేటర్ల (మోటారులో కదలని బయటి భాగం) లోంచి నల్లబడిన రాగి తీగ పీకడం, స్లాట్లలో కాగితాలు దూర్చడం నా పని. వార్నిష్ వాసన ఇప్పటికీ తగిలితే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ వాసన వచ్చే వేళకి అత్తయ్య క్యారేజీ వచ్చేది. త్రీ ఫేజు స్టేటరు చుట్టడం అయ్యాక, లోపల తిరిగే రోటరు పెట్టకముందు మామయ్య ఒక గారడీ చేసేవాడు. ఖాళీ స్టేటరు లోపల పెద్ద బేరింగు గోళీ ఒకటి పెట్టి, డిమ్మర్‌స్టాట్‌తో కొంచెం కొంచెంగా వోల్టేజీ పెంచేవాడు. గోళీ వణికి, కదిలి, స్టేటరు లోపలి గోడ వెంట గిరగిరా చుట్టూ పరిగెత్తేది. ఎవరూ ముట్టుకోవడం లేదు, లోపల కదిలే వస్తువేదీ లేదు. మూడు వైర్లలో రెండింటిని తారుమారు చేస్తే గోళీ వెనక్కి పరిగెత్తేది. ఎక్కడన్నా తడబడిందంటే ఆ కాయిల్ తేడాగా చుట్టినట్టు.

"ఎవరు తిప్పుతున్నారు మామయ్యా?"

"ఫీల్డు. అది కనపడదు. గోళీయే కనపడుద్ది."

50 హెర్ట్జ్ కరెంటుతో నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారులో ఆ కనపడని ఫీల్డు నిమిషానికి సరిగ్గా 1500 సార్లు తిరుగుతుంది. కానీ మీ పిండిమర మోటారు నేమ్ ప్లేటు చూడండి, 1440 అని ఉంటుంది. కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు గానీ 1500 మాత్రం ఉండదు. పదేళ్ల వయసులో మామయ్యని అడిగాను, ఆ 60 ఎక్కడికి పోయాయని. "1500 తిరిగితే చచ్చిపోద్దిరా," అన్నాడు. పరాచికాలాడుతున్నాడనుకున్నాను. ఇంజనీర్లు రాసిన పేజీల కంటే ఆ మాట కచ్చితమైంది. రోటరుకి బయటి నుంచి వైరు లేదు. దానిలో కరెంటు పుట్టేది ఫీల్డు తనని దాటిపోతున్నంతసేపే. రోటరు ఫీల్డుతో సమానంగా పరిగెత్తిందంటే దాటిపోయేదేమీ ఉండదు, మార్పు ఉండదు, కరెంటు ఉండదు, తిప్పే బలం ఉండదు. వెంటనే వెనకబడుతుంది. వెనకబడగానే మళ్లీ బలం వస్తుంది. బరువు లేనప్పుడు 1490 చిల్లర తిరుగుతుంది, పూర్తి బరువు పడితే 1440కి దిగుతుంది. అందుకోలేకపోవడమే దాని బతుకు.

బరువు మోయలేక రోటరు ఆగిపోయిందనుకోండి, లేదా లో వోల్టేజీలో ఈడుస్తోందనుకోండి. వోల్టేజీ సగానికి పడితే తిప్పే బలం నాలుగో వంతుకి పడుతుంది. రోటరు ఇంకా వెనకబడుతుంది, దాని కడ్డీల్లో కరెంటు ఎగబాకుతుంది. పూర్తిగా ఆగిపోయిన మోటారు, బయటికిచ్చే వైపు తీగలు ఒకదానికొకటి తగిలి షార్టయిన ట్రాన్స్‌ఫార్మర్‌తో సమానం. మామూలుగా లాగే కరెంటుకి ఆరు రెట్ల దాకా లాగుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆరు రెట్ల కరెంటు అంటే 36 రెట్ల వేడి. మామయ్య షాపుకి వేసవిలో వచ్చే మోటార్లలో చాలావాటి కథ ఇదే. నల్లటి కాయిల్ చేత్తో నలిపితే పొడయ్యేది. అవి తిరిగి తిరిగి కాలినవి కావు, తిరగలేక కాలినవి.

ఆ రేకుల షెడ్డులోని మోటారు ప్లేటు మీద కూడా 1440 అనే ఉంది. నేను వంగి చూశాను. ఆల్టర్నేటరు 50 హెర్ట్జ్ ఇవ్వాలంటే 1500 తిరగాలి, అందుకని మోటారు పుల్లీ కొంచెం పెద్దది వేశారు. ఆ పని చేసినవాడికి లెక్క తెలుసు. రోటరు వెనకబడుతుందని తెలుసు, ఎంత వెనకబడుతుందో తెలుసు, దానికి పుల్లీ సైజు కట్టడం తెలుసు. తెలిసీ ఆ వైరుని తిరిగి మోటారుకి కలిపాడు. ఆయన మాతో అబద్ధమాడాడా, తనకి తానే చెప్పుకున్నాడా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. రెండోదే అయ్యుండొచ్చు, అలాంటివాళ్లని చూశాను.

బస్సులో బావ ఊరుకోలేదు. డిప్లొమా ఫస్ట్ క్లాసు ఊరికే వస్తుందా? "మరి మా వాడి ఎలక్ట్రిక్ స్కూటరు బ్రేకేస్తే బ్యాటరీ ఛార్జవుద్దిగా? అది ఫ్రీ కాదా?" అన్నాడు. మంచి ప్రశ్న. బ్రేకు వేయడమంటేనే అక్కడ మోటార్ని జనరేటర్‌గా మార్చడం. పుట్టే కరెంటు చక్రాన్ని వెనక్కి లాగుతుంది కాబట్టే బండి నెమ్మదిస్తుంది. స్కూటరుని ఆపుతున్నది ఆ మైనస్ గుర్తే. బండి వేగం ఎక్కడానికి బ్యాటరీ ఇచ్చినదాంట్లో కొంత తిరిగొస్తోంది, అంతే. బండి ఆగకుండా బ్యాటరీ నిండితే అప్పుడు నన్ను పిలువు అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

నాగార్జునసాగర్ దగ్గర ఇదే పని నిజాయితీగా చేస్తారు. ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాల్లో ఏడు రెండు వైపులా తిరిగేవి: ఒక వైపు తిరిగితే నీటితో కరెంటు, ఇంకో వైపు తిరిగితే కరెంటుతో నీళ్లు పైకి. శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ అలాంటివే. లెంజ్ చెప్పిన ఎదురెదురు కవలలు ఒకే గుంతలో. ఇలాంటి ఏర్పాటు ఏ దేశంలో పెట్టినా, పైకెత్తడానికి నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే కిందకి వదిలినప్పుడు సుమారు మూడు వస్తాయి. ఒక యూనిట్ పోతుందని అందరికీ తెలుసు. కరెంటు మిగిలిన వేళది చాలని వేళకి దాచుకోవడానికి ఆ ఒక్కటి కూలి. మూడు పెట్టి నాలుగు తీస్తామని అక్కడ ఎవరూ అనరు.

సాయంత్రం ఆరున్నరకి ఊళ్లన్నీ లైట్లు వేస్తాయి. ఆ క్షణంలో ఎక్కడో జనరేటర్ల తీగల్లో కరెంటు పెరిగి, ఆ కరెంటు తిరుగుతున్న రోటరుని వెనక్కి లాగుతుంది. సాగర్‌లో ఉన్నవైతే వందల టన్నుల బరువున్న రోటర్లు. వేగం వెంట్రుకవాసి తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ 50 నుంచి కిందకి జారుతుంది, వేగాన్ని కనిపెట్టుకునే గవర్నర్ అనే పరికరం పసిగట్టి నీటి గేటు ఇంకొంచెం తెరుస్తుంది, ఇంకొన్ని నీళ్లు పడతాయి. మా నాన్న సైకిలే అది. పిక్కల బదులు కృష్ణ నీళ్లు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిశాక, ఈ బరువు పంచుకునేది మనవాళ్లే కాదు. హిమాలయాల్లో తిరిగే రోటరూ శ్రీశైలంలో తిరిగే రోటరూ ఒకే తాళానికి తిరుగుతున్నాయి. మీరు 2 కిలోవాట్ల గీజరు వేస్తే అందరూ కలిసి కొంచెం కొంచెం మోస్తారు. అదంతా ఒక్క ఆనకట్టే మోస్తుందనుకుని, నీళ్లు 100 మీటర్ల ఎత్తు నుంచి పడతాయనుకుంటే, సెకనుకి రెండు లీటర్ల పైన పడాలి. అంటే మీరు స్నానానికి నీళ్లు కాగబెట్టినంతసేపూ అక్కడ ఏడు సెకన్లకో బిందె చొప్పున కిందకి దొర్లుతుండాలి.

ఇవన్నీ చెబితే మా స్టాఫ్ రూములో ఒక అభ్యంతరం వస్తుంది. "ఈఏపీసెట్‌లో ఈ చాప్టర్ నుంచి వచ్చేవి నాలుగు బిట్లు. గంటలో ఫార్ములాలు రుద్దేస్తే పిల్లాడు కొట్టుకొస్తాడు. నీ కథలు విని ర్యాంకు వస్తుందా?" రాదు. ఒప్పుకుంటాను. నా దగ్గరా ర్యాంకులు అడుగుతారు, నేనూ ఫార్ములాలు రుద్దిస్తాను. కానీ ఆ నాలుగు బిట్లూ కరెక్టుగా పెట్టి ఇంజనీరింగ్ పూర్తి చేసినవాళ్లే "అయస్కాంతాలతో ఫ్యాను" వీడియోల కింద 'సూపర్ బ్రో, మన దేశంలో టాలెంట్‌కి విలువ లేదు' అని రాస్తున్నారు. అయస్కాంతం శక్తి ఇచ్చే వస్తువు కాదు. స్ప్రింగు లాంటిది, ఎంత తోస్తే అంతే తిరిగి తోస్తుంది. ఇది వాళ్లకి రాకపోవడం బుద్ధిలేక కాదు. ఒక్కసారి కూడా వాళ్ల చేతికి ఆ ఎదురుతోపుడు తగలలేదు.

అందుకని బావ సంగతయ్యాక నేను పాఠం మొదలుపెట్టే పద్ధతి మార్చాను. ఏసీ మెకానిక్ దగ్గర తెచ్చిన మీటరు పొడవు రాగి గొట్టం, దానిలో పట్టేంత నియోడిమియం అయస్కాంతం. ముందు అంతే సైజు ఇనప నట్టు వదులుతాను. అర సెకను కూడా పట్టకుండా ఠక్కున పడుతుంది. తర్వాత అయస్కాంతం. రాగికి అయస్కాంతం అంటుకోదని అందరికీ చూపించాకే వదులుతాను. ఒకటి... రెండు... మూడు... పిల్లలు గొట్టంలోకి కళ్లు పెట్టి చూస్తారు. నాలుగు సెకన్లకు తీరుబడిగా బయటికొస్తుంది. ఈ ఏడు ఒకమ్మాయి, "గాలి అడ్డం పడుతోందేమో సార్," అంది. నట్టుకి ఎందుకు అడ్డం పడలేదో నువ్వే చెప్పమన్నాను. ఆలోచించి, తనే మళ్లీ రెండూ వదిలి చూసుకుంది.

దాని తర్వాత ఇంకొకటి. ఆ గొట్టాన్ని చెక్క దిమ్మలో నిలబెట్టి, కిరాణా కొట్టు తూకం మీద పెడతాను. 412 గ్రాములు. అయస్కాంతం 18. అయస్కాంతాన్ని గొట్టం మూతి దగ్గర పట్టుకుని, "ఇది పడుతున్నంతసేపూ తూకం ఎంత చూపిస్తుంది?" అంటాను. గొట్టం గోడల్ని తాకకుండా పడుతోంది కాబట్టి 412 అని ఎక్కువమంది, కిందకి చేరాక 430 అని. వదులుతాను. అయస్కాంతం ఇంకా గొట్టం పైభాగంలోనే ఉండగా అంకెలు కదిలి 430 దగ్గర నిలబడతాయి. పడి ముగిశాకా 430యే. గాల్లో ఉన్న వస్తువు బరువుని తాకకుండానే గొట్టం మోస్తోంది. రాగిలో పుట్టిన కరెంటు అయస్కాంతాన్ని పైకి నెడుతోంది, అయస్కాంతం అంతే బలంతో రాగిని కిందకి నొక్కుతోంది. ఆ 18 గ్రాములు మైనస్ గుర్తు బరువు.

అప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లి సూత్రం రాసి, మైనస్ తుడిచేసి ప్లస్ పెడతాను. "ఇప్పుడు వదిలితే?" రెండు నిమిషాలు గోల. ప్లస్ అయితే రాగి అయస్కాంతాన్ని వెనక్కి నెట్టదు, ముందుకు లాగుతుంది. వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే లాగుడు పెరుగుతుంది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, ఒక్క గొట్టంతో హైదరాబాదు మొత్తానికి కరెంటు ఇవ్వొచ్చు," అన్నాడు. ఇవ్వొచ్చు. రేకుల షెడ్డులో అమ్ముతున్నది సరిగ్గా ఆ ప్లస్ గుర్తే, ధర లక్షా 60 వేలు. ఇప్పుడు మా పిల్లలు మైనస్ మర్చిపోరని కాదు. పరీక్షలో ఇద్దరు ముగ్గురు మర్చిపోయారు, అర మార్కు తీసేశాను కూడా.

బావ అడ్వాన్సు సగమే తిరిగొచ్చింది. మిగతా సగానికి బదులు ఫ్రేము మీది 2 హెచ్‌పీ మోటారు విప్పించుకుని తెచ్చుకున్నాడు. దాన్ని ఇప్పుడు గేదెల కొట్టం పక్కన గడ్డి కోసే మిషనుకి బిగించాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు జొన్న చొప్ప కోస్తున్నాడు. సన్న చొప్ప వేసినంతసేపూ మోటారు హాయిగా ఒకే శ్రుతిలో పాడుతోంది. లావు మోపు ఒకటి దూర్చాడు. గొంతు దిగింది, లైనులో ఉన్న పాతకాలం ఫిలమెంటు బల్బు కొంచెం మసకబారింది. బావ చొప్ప నెట్టడం ఆపి, చెవి అటు పెట్టి, నా వైపు తిరిగాడు.

"విన్నావా బామ్మర్దీ, నీ మైనస్సు."

మోపు తెగాక మోటారు మళ్లీ పైశ్రుతికి వెళ్లింది. ఆయన ఇంకో మోపు అందుకున్నాడు, ఈసారి కొంచెం సన్నది.